టీఎంసీ అంటే ఎన్ని లీటర్లు?

(జర్నలిజం విద్యార్థుల శిక్షణ తరగతిలో నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. చివరి వరుసలో వినిపిస్తోందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నా గొంతు దాన్ని గెలవలేదు.

వానాకాలం వచ్చిందంటే మీ పేపర్లో రోజూ ఒక డబ్బా వార్త ఉంటుంది. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు, ప్రస్తుతం ఇంత. పూర్తి నిల్వ 312.0450 టీఎంసీలు, ప్రస్తుతం ఇంత. ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు. రోజూ రాస్తారు, రోజూ చదువుతాం. టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటాం, సాగర్ నిండిందటగా అని. మరి టీఎంసీ అంటే ఎన్ని లీటర్లు? చెప్పండి. ఎవరైనా చెప్పండి. ఫోన్లు తియ్యకండమ్మా, నోటితో చెప్పండి. చూశారా, ఎవరూ చెప్పలేదు. మీ తప్పు కాదులెండి. పాలు లీటర్లలో కొంటాం, పెట్రోలు లీటర్లలో పోయించుకుంటాం, నది నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగుల్లోకి వెళ్ళిపోతాం.

ఎందుకిలా? మెట్రిక్ కొలతల చట్టం మన దేశంలో 1956 డిసెంబరులో వచ్చింది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. అంటే చట్టం కంటే ఏడాది ముందు. దాని గీతలు, దాని పట్టికలు, అన్నీ అడుగుల్లోనే తయారయ్యాయి. సరే, అది పాతది. కానీ కృష్ణా నీళ్ళను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది 1969లో. అప్పటికి దుకాణాల్లోకి కిలోలు, లీటర్లు వచ్చేశాయి. అయినా 1973లో ఇచ్చిన తీర్పు టీఎంసీల్లోనే ఇచ్చారు. కృష్ణాలో 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్ళు తప్పకుండా, వచ్చే నీళ్ళు 2060 టీఎంసీలు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే నీళ్ళ కింద ఇంకో 11. మొత్తం 811. ఈ 811 అనే అంకె మీద ఎన్ని సభలు జరిగాయి, ఎన్ని దీక్షలు జరిగాయి, ఎన్ని కేసులు నడుస్తున్నాయి! రేపు ఎవరో లేచి, కాదు కాదు, 811 కాదు, 22.965 బిలియన్ ఘనపు మీటర్లు అని చెబితే ఊరుకుంటారా? మా నీళ్ళు ఎక్కడ పోయాయి అంటారు. అందుకని నా అభిప్రాయం అడిగితే, టీఎంసీని అలాగే ఉంచండి. హక్కులు ఏ కొలతలో పంచారో ఆ కొలతలోనే వాటిని రాయాలి. కానీ చదివేవాడికి అర్థమవ్వాలంటే మార్చక తప్పదు. ఆ మార్చేచోటే తప్పులు జరుగుతున్నాయి. ఇవాళ నేను వచ్చింది అవి చెప్పడానికే.

ముందు మూలం చూద్దాం. టీఎంసీ అంటే థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్. వెయ్యి మిలియన్లు, అంటే వంద కోట్లు. వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు ఎంత? అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న పెట్టె. మన ఇళ్ళకు వచ్చే ఇరవై లీటర్ల వాటర్ క్యాను ఉంది చూడండి, అది ఒకటి ఆ పెట్టెలో పోస్తే ఇంకా ఎనిమిది లీటర్ల పైన ఖాళీ మిగులుతుంది. కచ్చితంగా చెప్పాలంటే 28.3168 లీటర్లు. దాన్ని వంద కోట్లతో హెచ్చవేస్తే 2,831 కోట్ల 68 లక్షల లీటర్లు. రాసుకోండి. ఒక టీఎంసీ అంటే 2,831.68 కోట్ల లీటర్లు. ఘనపు మీటర్లలో అయితే 2 కోట్ల 83 లక్షల పైచిలుకు. ఇంజనీర్లు 28.3168 మిలియన్ ఘనపు మీటర్లు అంటారు.

ఈ 28.3168 ఎక్కడిది? ఇక్కడ జాగ్రత్తగా వినండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అడుగంటే 0.3048 మీటరు. ఇది సుమారు లెక్క కాదు, సరిగ్గా అంతే. 1959లో అమెరికా, బ్రిటన్, మరికొన్ని కామన్వెల్త్ దేశాలు కూర్చుని గజమంటే 0.9144 మీటరు అని తేల్చేశాయి, అందులో మూడో వంతు అడుగు. సరే. అడుగుల్ని మీటర్లు చెయ్యాలంటే 0.3048తో హెచ్చవేస్తాం. మరి ఘనపుటడుగుల్ని ఘనపు మీటర్లు చెయ్యాలంటే? అదే 0.3048తో హెచ్చవేసేవాళ్ళు ఉన్నారు. నవ్వకండి, ఉన్నారు. పొడవుకు ఒకసారి, వెడల్పుకు ఒకసారి, లోతుకు ఒకసారి, మూడుసార్లు హెచ్చవేయాలి. అప్పుడు 0.0283168 వస్తుంది. ఒక్కసారే హెచ్చవేసి ఊరుకుంటే ఏమవుతుంది? సాగర్ 312 టీఎంసీలు 95 బిలియన్ ఘనపు మీటర్లు అవుతుంది. అసలు ఎంత? 8.84 బిలియన్. పది రెట్లకు మించిన తప్పు. తొంభై అయిదు అని అచ్చయినా చదివేవాడికి తెలియదు. ఎందుకంటే తొంభై అయిదు ఎక్కువో తక్కువో వాడికి అందాజు లేదు. మరి మీకుండాలి కదా?

అటునుంచి ఇటు రావాలంటే 35.3147. ఒక ఘనపు మీటరులో ముప్పయి అయిదు ఘనపుటడుగుల పైన ఉంటాయి. కేంద్ర జల సంఘం వాళ్ళు జలాశయాల బులెటిన్ ఇస్తారు, అందులో అన్నీ బిలియన్ ఘనపు మీటర్లలో ఉంటాయి, బీసీఎం అంటారు. దాన్ని టీఎంసీలు చెయ్యాలంటే 35.3147తో హెచ్చవేయడమే. ఒక బీసీఎం అంటే 35 టీఎంసీల పైన.

ఇక్కడ ఒక పొట్టిపేరు గొడవ ఉంది. ఎంసీఎం ఒకటి, ఎంసీఎఫ్‌టీ ఒకటి. మొదటిది మిలియన్ ఘనపు మీటర్లు, రెండోది మిలియన్ ఘనపుటడుగులు. చెరువులకు, చిన్న ప్రాజెక్టులకు ఎంసీఎఫ్‌టీ వాడతాం, వెయ్యి ఎంసీఎఫ్‌టీలు ఒక టీఎంసీ. అధికారి ఫోన్లో ఎంసీఎఫ్‌టీ అంటాడు, మీరు ఎంసీఎం అని వింటారు. చెరువు ముప్పయి అయిదింతలు పెరిగిపోతుంది! కాబట్టి ఫోన్లో విన్నప్పుడు ఇంకోసారి అడగండి. అడుగులా, మీటర్లా అని అడగండి. సిగ్గుపడకండి. మేమూ ఒకళ్ళనొకళ్ళం అడుగుతూనే ఉంటాం.

ఇప్పుడు దశాంశాల సంగతి. 28.3168 ఎందుకండీ, 28 అంటే సరిపోదా అంటారు. ఎప్పుడు సరిపోతుంది, ఎప్పుడు సరిపోదు? పంట కాలువ గట్టు మీద నిలబడి నోటి లెక్క వేసుకుంటుంటే 28 చాలు. కాలువ చూసుకునే లస్కరుతో మాట్లాడేటప్పుడు దశాంశాలు చెబితే నవ్వుతాడు. కానీ 811 టీఎంసీల్ని 28తో మారిస్తే 22,708 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుంది. అసలు రావలసింది 22,965. తేడా 257 మిలియన్ ఘనపు మీటర్లు. టీఎంసీల్లో చెప్పనా? తొమ్మిది. మీరు కాలిక్యులేటర్ మీద చిన్న సౌకర్యం చూసుకున్నారు, కాగితం మీద తొమ్మిది టీఎంసీలు మాయమయ్యాయి. ఇక్కడ తొమ్మిది టీఎంసీల కోసం రాష్ట్రాలు కోర్టుకెళ్తాయండీ. పోనీ 28.3 పెడితే? అప్పుడు తేడా అర టీఎంసీ లోపు. పెద్ద అంకె మారుస్తున్నప్పుడు పూర్తి గుణకం వాడండి. ఇంకో మాట, మార్చేది ఒక్కసారే మార్చండి, చివర్లో మార్చండి. టీఎంసీల్ని మీటర్లు చేసి, సవరించి, మళ్ళీ లీటర్లు చేసి, మళ్ళీ సవరించి, ఇంకెవరో దాన్ని మళ్ళీ టీఎంసీలు చేస్తే బయల్దేరిన అంకెకు తిరిగి రాదు. కూడికలు, తీసివేతలు అన్నీ ఏ కొలతలో మొదలుపెట్టారో అందులోనే పూర్తిచేసి, ఆఖరి జవాబును మాత్రం మార్చాలి.

దీనికి ఎదురుగా ఇంకో జబ్బు ఉంది. అక్కర్లేని దశాంశాలు. 312.0450 టీఎంసీలు అని నాలుగు స్థానాలు వేస్తాం కదా. ఆ నాలుగో స్థానంలో ఒక అంకె విలువెంత? లక్ష ఘనపుటడుగులు, 28 లక్షల లీటర్ల పైన. పెద్దదే అనిపిస్తుంది. కానీ సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు పరుచుకునేది సుమారు 285 చదరపు కిలోమీటర్లు. నీటిమట్టం చూసే గేజీ మీద అడుగులో పదో వంతు మారితే, ఎంత, అంగుళం పైచిలుకు, నిల్వ 0.3 టీఎంసీ మారుతుంది. గాలి వీస్తే అలలే అంత లేస్తాయి. మరి నాలుగో దశాంశం ఎవరు చూసి చెప్పారు? ఎవరూ చూడలేదు. నీటిమట్టం చూస్తారు, పట్టికలో ఆ మట్టానికి ఎదురుగా ఉన్న అంకె ఎత్తి రాస్తారు. ఆ పట్టిక కూడా శాశ్వతం కాదు. సాగర్ మొదటి పట్టికలో పూర్తి నిల్వ 408.24 టీఎంసీలు. పూడిక చేరాక మళ్ళీ సర్వే చేసి 312 అన్నారు. 96 టీఎంసీలు మట్టి తినేసింది. అడుగుల లెక్క మారలేదు, 590 అడుగులు 590 అడుగులే. పట్టిక మారింది. అందుకని మట్టం నుంచి నిల్వకు వెళ్ళేది కూడా ఒక మార్పిడే, దానికి ఒక గుణకం అంటూ ఉండదు, పట్టికే గతి. పేపర్లో 312 అనండి, లేకపోతే 312.05 అనండి. లీటర్లలోకి మార్చి 8 లక్షల 83 వేల 611 కోట్ల 58 లక్షల 56 వేల లీటర్లు అని మాత్రం రాయకండి. చదివేవాడు ఇంజనీరు గారు గ్లాసులతో కొలిచాడనుకుంటాడు.

పైగా ఆ 590 అడుగులు లోతు కూడా కాదు. సముద్రమట్టం నుంచి ఎత్తు అది. మొన్నెవరో 590 అడుగుల లోతైన జలాశయం అని రాశారు. పోనివ్వండి.

ఇక క్యూసెక్కు. సెకనుకు ఒక ఘనపుటడుగు. చూడండి, టీఎంసీ ఎంత ఉందో చెబుతుంది, క్యూసెక్కు ఎంత వేగంగా పోతోందో చెబుతుంది. బ్యాంకులో ఉన్న డబ్బును నెల జీతంతో కూడితే ఎలా ఉంటుందో, ఈ రెండింటినీ కలిపితే అలా ఉంటుంది. "లక్ష క్యూసెక్కుల నీరు సముద్రం పాలు" అని హెడ్డింగు పెడతారు. ఎంతసేపు? గంటసేపా, వారమా? ఆ ముక్క లేకుండా ఎన్ని నీళ్ళు పోయాయో ఎవరు చెప్పగలరు? రోజుకు 86,400 సెకన్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. ఒక టీఎంసీ రావాలంటే 11,574 క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలూ పారాలి. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, 8.64. లక్షల క్యూసెక్కుల్ని 8.64తో హెచ్చవేస్తే రోజుకు టీఎంసీలు వచ్చేస్తాయి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు వరద వచ్చింది, గుర్తుంది కదా? విజయవాడ వాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీకు నేను చెప్పక్కర్లేదమ్మా. అప్పుడు గరిష్ఠంగా 11.43 లక్షల క్యూసెక్కులు. లీటర్లలో చెబితే సెకనుకు 3 కోట్ల 23 లక్షల పైన. సెకనుకు! అదే ఉద్ధృతి ఒక రోజంతా నిలిచి ఉంటే 98.75 టీఎంసీలు, దాదాపు తుంగభద్ర డ్యాము నిండా పట్టేంత. నిలవలేదు, అది వేరే సంగతి. ఘనపు మీటర్లలో ఇది 32,366 క్యూమెక్కులు. క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు, 35 క్యూసెక్కులకు కొంచెం ఎక్కువ. కేంద్రం వాళ్ళ వరద బులెటిన్లలో ఇదే కనపడుతుంది. ముప్పయి రెండు వేలు అని చూసి వరద తగ్గిపోయిందనుకుంటే కొంప మునుగుతుంది, నిజంగానే మునుగుతుంది.

పాత కొలతల్ని తిట్టడానికి వచ్చానని అనుకోకండి. వాటిలో సొగసైన లెక్కలున్నాయి. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. దాని మీద అంగుళం మందాన నీళ్ళు నిలపాలంటే 3,630 ఘనపుటడుగులు కావాలి. ఒక క్యూసెక్కు గంటసేపు పారితే ఎంత? 3,600. చూశారా ఎంత దగ్గరగా ఉన్నాయో! ఒక క్యూసెక్కు, ఒక గంట, ఒక ఎకరం, ఒక అంగుళం. కాగితం, పెన్ను అక్కర్లేదు. పది క్యూసెక్కుల పిల్లకాలువ కింద ఇరవై ఎకరాల మడికి రెండంగుళాలు పెట్టాలంటే నాలుగు గంటలు వదలాలి. వంతులవారీగా నీళ్ళు పంచేటప్పుడు ఈ లెక్క చెప్తే రైతు వెంటనే అందుకుంటాడు. మెట్రిక్‌లో ఇలా ఒకటి, ఒకటి, ఒకటి అని కుదరదు. టీఎంసీని కూడా ఇలాగే చూడొచ్చు. ఒక టీఎంసీని అడుగు మందాన పరిస్తే 22,957 ఎకరాలు. వరికి అడుగు సరిపోదు, కాలువలో కొంత ఇంకిపోతుంది కూడా. అందుకే టీఎంసీకి పదివేల ఎకరాల వరి అని మోటుగా చెబుతుంటారు.

వాన లెక్కకు వస్తే మాత్రం మెట్రిక్‌దే రాజ్యం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. సరిగ్గా ఒక లీటరు. మీ డాబా వంద చదరపు మీటర్లు, 50 మిల్లీమీటర్ల వాన పడింది, అయిదు వేల లీటర్లు, అయిపోయింది లెక్క. దీన్ని టీఎంసీకి ముడివెయ్యాలా? వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద 28.3 మిల్లీమీటర్ల వాన అంటే ఒక టీఎంసీ. హైదరాబాద్‌లో పాత జీహెచ్ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. పది సెంటీమీటర్ల వాన అంతటా సమానంగా పడితే 6.5 కోట్ల ఘనపు మీటర్లు, 2.3 టీఎంసీలు. హిమాయత్‌సాగర్ పూర్తి నిల్వే 2.97 టీఎంసీలు. ఒక పెద్ద వాన ఒక హిమాయత్‌సాగర్‌లో ముప్పాతిక వంతు నీళ్ళను వీధుల మీద కుమ్మరించి వెళ్తోంది. మరి మునగక ఏం చేస్తుంది?

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి గ్యాలన్ సంగతి కూడా చెప్పేస్తాను. జలమండలి వాళ్ళు ఎంజీడీ అంటారు. రోజుకు ఇన్ని మిలియన్ గ్యాలన్లు అని. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి మొదటి దశ 172 ఎంజీడీ. ఇది ఎన్ని లీటర్లు? ఫోన్లో వెతికారనుకోండి, గ్యాలన్ అంటే 3.785 లీటర్లు అని వస్తుంది. హెచ్చవేస్తారు, 651 మిలియన్ లీటర్లు వస్తుంది. తప్పు! అది అమెరికా గ్యాలన్. మనది బ్రిటిష్ వాళ్ళ ఇంపీరియల్ గ్యాలన్, 4.546 లీటర్లు. దానితో చేస్తే రోజుకు 782 మిలియన్ లీటర్లు, అంటే 78 కోట్ల 20 లక్షల లీటర్లు. తేడా రోజుకు 13 కోట్ల లీటర్లు. ఏది సరైనదో మీకెలా తెలుస్తుంది? ఇంకో దారిలో వెళ్ళి సరిచూడండి. ఈ పథకానికి కేటాయింపు ఏడాదికి పది టీఎంసీలు. 172 ఎంజీడీని ఇంపీరియల్ గ్యాలన్‌తో ఏడాదికి లెక్కేస్తే 10.08 టీఎంసీలు వస్తుంది. అమెరికా గ్యాలన్‌తో 8.39. ఏది కలిసింది? పదికి కలిసింది ఇంపీరియల్. ఇలా ఒకే పథకానికి రెండు కొలతల్లో అంకెలుంటే రెండోది మొదటిదానికి సాక్షి. అనుమానం వచ్చినప్పుడు సాక్షిని పిలవండి.

రెండు గ్యాలన్లు ఎందుకున్నాయంటే, ఇంగ్లండ్‌లో ఒకప్పుడు సారాకొక గ్యాలన్, బీరుకొక గ్యాలన్, ధాన్యానికొక గ్యాలన్. మన దగ్గర ఊరికో మానిక ఉన్నట్టే. ద్రాక్షసారా గ్యాలన్ 231 ఘనపుటంగుళాలు. అమెరికా విడిపోయాక కూడా దాన్నే ఉంచుకుంది. 1824లో బ్రిటన్ పాతవన్నీ తీసేసి, పది పౌన్ల నీళ్ళు పట్టేదే గ్యాలన్ అని కొత్త చట్టం చేసింది. మనకొచ్చింది ఆ కొత్తది. లీటరేమో ఎప్పుడూ ఒకటే అనుకుంటున్నారా? కాదు. 1964 దాకా లీటరంటే కిలో నీళ్ళు ఆక్రమించే చోటు. అది వెయ్యి ఘన సెంటీమీటర్ల కంటే లక్షకు మూడు పాళ్ళ లోపు ఎక్కువ. 1964లో ఆ తేడా తీసేశారు. ఒక టీఎంసీ మీద ఆ తేడా సుమారు ఎనిమిది లక్షల లీటర్లు. సాగర్ గేజీకి అది కనపడనే కనపడదు. ఊరికే సరదాకి చెప్పాను.

ఒక్క పోలవరం సంగతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. అది మెట్రిక్ కాలపు ప్రాజెక్టు. పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. ఎందుకండీ ఈ 45.72? నలభై అయిదో, నలభై ఆరో పెట్టొచ్చుగా? 0.3048తో భాగించి చూడండి. వచ్చిందా? 150. సరిగ్గా 150 అడుగులు. మొదటి దశ అంటున్న 41.15 మీటర్లు? 135 అడుగులు. అంకె వింతగా ఉందంటే లోపల ఒక గుండ్రటి అడుగుల అంకె దాక్కుని ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి. వార్తలో మీటరు అంకె రాసి పక్కన "150 అడుగులు" అని వేస్తే గోదావరి జిల్లాల పాఠకుడికి హాయిగా అర్థమవుతుంది. అదే 45.72ని 46 అని సవరించారనుకోండి, దాదాపు అడుగు ఎత్తు నీళ్ళు ఎక్కించినట్టు. ముంపు గ్రామాల వాళ్ళు మీ ఆఫీసు ముందుకొస్తారు. వరదను కిందికి వదిలే స్పిల్‌వే లెక్క 50 లక్షల క్యూసెక్కులు, అంటే 1,41,584 క్యూమెక్కులు. నిల్వ 194.6 టీఎంసీలు, 5.51 బీసీఎం.

ఇక అడగండి. ఆ అమ్మాయి ఏదో అంటోంది... రికార్డవుతోంది కదా, ప్రశ్న మళ్ళీ నేనే చెప్తాను. టీఎంసీని జనానికి ఎలా చెప్పాలి, లీటర్లు కోట్లలో ఉంటే అదీ అర్థం కాదు కదా అంటోంది. నిజమే. 2,831 కోట్లన్నా ఎవరికీ ఏమీ కనపడదు. మనుషుల్లో చెప్పమ్మా. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది వాడుకలో ఉన్న ప్రమాణం. ఒక టీఎంసీని 135తో, 365తో భాగిస్తే అయిదు లక్షల 74 వేల మంది. సుమారు అయిదున్నర, అయిదుముప్పావు లక్షల జనాభా ఉన్న ఊరికి ఏడాదిపాటు తాగునీరు. మిషన్ భగీరథలో పల్లెలకు వంద లీటర్లు పెట్టుకున్నారు, దాని ప్రకారమైతే ఏడు లక్షల 75 వేల మంది. ఆవిరయ్యేది, గొట్టాల్లో కారేది ఇందులో లేదు. ఆ మాట కూడా రాయాలి, లేకపోతే టీఎంసీకి లేని శక్తి అంటగట్టినట్టవుతుంది.

మద్రాసు నుంచి వచ్చారా మీరు? చెన్నై అనాలి, మా కాలం వాళ్ళకు నోరు తిరగదు. చెన్నైకి కృష్ణా నీళ్ళు తెచ్చే తెలుగుగంగ గురించి అడుగుతున్నారు. మూడు రాష్ట్రాలు తలా అయిదు చొప్పున పదిహేను టీఎంసీలు ఇవ్వాలని ఒప్పందం, దారి నష్టాలు మూడు పోను సరిహద్దు దగ్గర పన్నెండు అందాలి. అక్కడి పేపర్లు జలాశయాల నిల్వ ఎంసీఎఫ్‌టీల్లో రాస్తాయి, ఊళ్ళో సరఫరా మాత్రం ఎంఎల్‌డీలో, అంటే రోజుకు ఇన్ని మిలియన్ లీటర్లని రాస్తాయి. ఒకటి అడుగులు, ఒకటి లీటర్లు, ఒకటి నిల్వ, ఒకటి రోజువారీ. పక్కపక్కన వేసి పోల్చుకోమంటారు. పన్నెండు టీఎంసీలంటే పన్నెండు వేల ఎంసీఎఫ్‌టీలు. దాన్ని 28.3168తో హెచ్చవేస్తే 3,39,802 మిలియన్ లీటర్లు. ఏడాది రోజులతో భాగిస్తే రోజుకు 931 ఎంఎల్‌డీ. ఇప్పుడు రెండూ ఒక భాషలోకి వచ్చాయి. ఒక్క సూచన, ఎంసీఎఫ్‌టీని ఎంఎల్‌డీ చెయ్యాలంటే 28.3168తో హెచ్చవేసి ఆగకండి, ఎన్ని రోజులకో దానితో భాగించాలి. రోజులు లేని ఎంఎల్‌డీకి అర్థం లేదు.

చివర్లో ఎవరో చెయ్యెత్తారు. అన్నయ్య కాలిఫోర్నియాలో ఉంటాడట, అక్కడ ఎకరం-అడుగు అంటారట, అదేమిటని. మనం ఇందాక చేసిందే బాబూ. ఎకరం మీద అడుగు నీళ్ళు, 43,560 ఘనపుటడుగులు, 1,233 ఘనపు మీటర్లు. అక్కడ గ్యాలన్లలో చెబితే 3,25,851 గ్యాలన్లు అంటారు. మన ఇంపీరియల్ గ్యాలన్‌తో భాగిస్తే 2,71,328 వస్తుంది. మీ అన్నయ్యకు రాసేటప్పుడు ఏ గ్యాలనో రాయి. కాలిఫోర్నియాలో అన్నిటికంటే పెద్ద జలాశయం షాస్తా, 45 లక్షల 52 వేల ఎకరం-అడుగులు. టీఎంసీలు కావాలా? 22,957తో భాగించు. 198.3. పోలవరం ఎంతన్నాను? 194.6. నాలుగు టీఎంసీల లోపే తేడా.